బండి పట్టే ఇల్లు

తొంభై నాలుగు ఎండాకాలంలో మేము పదిహేడు ఇళ్ళు చూశాం. నిజం చెప్పాలంటే ఇళ్ళు చూసింది నేను. మా ఆయన చూసింది పదిహేడు గేట్లు.

ఆయన పేరు వరదరాజులు. మద్రాసు సౌకార్‌పేటలో మా మామగారి తాళ్ళ మండీ చూసుకునేవారు. కొబ్బరి తాళ్ళు, జనపనార తాళ్ళు, పొట్లాలు కట్టే పురికొస, అన్నీ హోల్‌సేల్. కాపురం చూలైలో, మామగారి ఇంట్లోనే. ఇంటి నుంచి మండీకి నడిస్తే అరగంట. ఆ అరగంట నడకకి ఆ మహానుభావుడు కొన్నది బుల్లెట్టు మోటారుసైకిలు! సౌకార్‌పేట సందుల్లో మనుషులే ఒకర్నొకరు తోసుకుంటూ నడవాలి, ఇంక బండెక్కడ పోతుంది? సందు మొదట్లో దిగి మండీ దాకా తోసుకుపోయేవారు. ఇటు చూలైలో పొద్దున్నే స్టార్టు చేస్తే పక్కింటి రిటైర్డు మేష్టారు కిటికీలోంచి తిట్ల దండకం మొదలెట్టేవాడు. కాబట్టి వీధి చివరి దాకా అక్కడా తోసుడే. లెక్క చూస్తే బండి ఆయన్ని మోసినదాని కన్నా ఆయన బండిని నడిపించుకు తిరిగిందే ఎక్కువ.

ఇంటికొచ్చాక అది నడవలో ఉండేది. మా నడవ ఎంత వెడల్పంటే, బండి ఉంటే మనిషి పట్టడు, మనిషి ఉంటే బండి పట్టదు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నేను ఆ ఇంట్లో నేరుగా నడిచిన రోజు లేదు, అంతా పక్కకి తిరిగి నడవడమే. ఆ సైలెన్సరు నా ఆరు చీరలకి వాతలు పెట్టింది. మా అత్త అలివేలుమంగ తన మడిబట్ట ఆ హ్యాండిల్ మీదే ఆరేసేది, అదేం మడో ఆవిడకే తెలియాలి. ఇక పొద్దున్నే బండిని బయటికి తియ్యడం ఒక యుద్ధం. హ్యాండిల్ అటు తిప్పి, ఇటు తిప్పి, గోడలకి వేళ్ళు గీసుకుని, రోజుకో చోట తోలు లేపుకుని బయటపడేవారు మా ఆయన.

ఉగాది వెళ్ళిన వారానికి మా మామ కోటిలింగంగారు కాఫీ లోటా బండి సీటు మీద పెట్టుకుని తీర్పు చెప్పారు.

"ఒరే వరదా, ఆవణిలో నీ తమ్ముడు విజయకుమార్ పెండ్లి. వాడికో గది గావాల. నీ గది తప్ప ఇంకో గది యాడుండాది? వేరే ఇల్లు చూసుకో నాయనా. ఆడి పుట్టేలోపల పాలు పొంగిచ్చేయాల."

ఆడి అంటే జులై నడిమిలో వచ్చే అరవ నెల, ఆవణి దాని తరువాతది. ఆడి నెలంతా ఇల్లు మారకూడదు. నాలుగు తరాలుగా మద్రాసులో ఉన్న మాలాంటి తెలుగువాళ్ళకి ఉగాది ఎంతో ఆడి కూడా అంతే.

"దొరక్కపోతే?" అన్నారు మా ఆయన.

"దొరక్కపోతే మండీ మీద అటక ఉండాది గదా. బాగా గాలొస్తాది. ఆడుండండి."

వేరు కాపురం అన్న మాటకి నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అటక అన్న మాటకి అక్కడే కూలబడాలనిపించింది. ఆ అటక నిండా కొబ్బరి పీచు దుమ్ము. మా ఆరేళ్ళ పాప ప్రణతి ఒకసారి సరదాకి అటకెక్కి దిగి మూడు రోజులు తుమ్మింది, నాలుగో రోజు ఆయాసంతో డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోవాల్సి వచ్చింది. దాన్ని తీసుకుపోయి అక్కడ కాపురం పెట్టడమా? నా ప్రాణం పోయినా సరే, ఆడి లోపల ఇల్లు చూసి తీరాలనుకున్నాను.

మా ఆయన కూడా చూసి తీరాలనుకున్నారు. కాకపోతే ఆ సాయంత్రమే మండీ నుంచి ఒక నూలు తాడు తెచ్చి, బండి హ్యాండిల్‌కి ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టి, రెండు పక్కలా రెండు ముళ్ళు వేశారు.

"ఇదేంది?" అన్నాను.

"కొలత. ఈ తాడు పట్టని గేటుండే ఇల్లు మనకొద్దు. వంచి, తిప్పి, వేళ్ళు గీక్కోని ఎనిమిదేండ్లు దూర్చినా. ఇంక నావల్ల గాదు రాజీ. కొత్తింట్లో బండి నేరుగా పోవాల, నేరుగా రావాల."

మామగారు తాడు అందుకుని ముళ్ళు తడిమి మురిసిపోయారు. "మండీ ముడి! రెండు చుట్లు, కొస లోపలికి. సరుకు వాపసొస్తే నేను కండ్లు మూసుకోని చెప్తా, ఇది మనం కట్టిందా, యవుడన్నా విప్పి కట్టినాడా అని." ఈ మాట ఆయన రోజుకి నాలుగుసార్లు అంటారు కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఇక ఆదివారాలు మొదలయ్యాయి. బ్రోకరు తిరువేంగడం మోపెడ్ మీద ముందు, మేము బుల్లెట్టు మీద వెనక, పెట్రోలు ట్యాంకు మీద ప్రణతి. మోపెడ్ వెనక బుల్లెట్టు నడపడమంటే మా ఆయనకి ప్రాణసంకటం. నాలుగు వీధులకోసారి ఆగి అతని కోసం ఎదురు చూసేవారు. మళ్ళీ దారి తెలిసింది అతనికే కాబట్టి అతన్ని ముందుకి పంపించేవారు.

ఎంత దూరంలో ఇల్లు కావాలన్న దాని మీద మా ఆయనకో సిద్ధాంతం ఉండేది. "మరీ దగ్గరైతే ఇంజను వేడెక్కదు. మరీ దూరమైతే నడుము విరుగుతాది. ఏడెనిమిది మైళ్ళు. దావలో లెవెల్ క్రాసింగ్ ఉండగూడదు. వానొస్తే సైలెన్సర్లోకి నీళ్ళు పోగూడదు."

"మరి ఇంట్లో నీళ్ళు?" అనేదాన్ని నేను.

"అది నువ్వు చూసుకో."

వేళచ్చేరి ఇల్లు నాకు నచ్చింది. ఎదురుగా చెరువు చూసి, "వానాకాలం ఇది యాడిదాకా వస్తాది?" అని పక్కింటావిణ్ణి అడిగారు ఈయన. ఆవిడ తన నడుము చూపించింది. అయిపోయింది వేళచ్చేరి. మడిపాక్కంలో ఇంటి దాకా ఇసకే. అక్కడ బండి స్టాండు ఇసకలో దిగబడి, నిలబెట్టిన బుల్లెట్టు మా కళ్ళ ముందే మెల్లగా పక్కకి ఒరిగిపోయింది. పెరంబూరులో మంచి ఇల్లు, మంచి కుళాయి, వీధి గుమ్మానికి మూడు మెట్లు. "మూడే గదా సార్, పలక ఏసుకోని ఎక్కించేయొచ్చు," అన్నాడు తిరువేంగడం. మా ఆయన అతని వంక చూసిన చూపుకి అతని మోపెడ్ కూడా ఆగిపోయింది.

షోళింగనల్లూరు మాత్రం నేను మర్చిపోలేను. అప్పుడక్కడ సవక తోపులు, ఉప్పుగాలి, రెండు టీ కొట్లు తప్ప ఏమీ లేవు. ఆ పాత మహాబలిపురం రోడ్డు మీద మా ఆయన బండి వదిలారు చూడండి, తిరువేంగడం వెనక ఎక్కడో చీమంత అయిపోయాడు. ప్రణతి కేకలు. ఆయనేమో పాట పాడుతున్నారు! ఎనిమిదేళ్ళలో ఆయన పాడగా నేను వినడం అదే మొదలు.

అక్కడి ఇంటికి లారీ పట్టేంత గేటు. తాడు బయటికి తియ్యాల్సిన పని కూడా లేదు. పైగా బండికి వేరే షెడ్డు, పైన పెంకులు, కింద సిమెంటు. అది చూశాక ఇల్లు చూస్తే, షెడ్డు కట్టగా మిగిలిన ఇటికెలతో కట్టినట్టుంది. ఒక్కటే గది. బావిలో బొక్కెన వేస్తే ఉప్పునీళ్ళు.

"ఈ రోడ్డు చూసినావా రాజీ? ఈ గాలి చూసినావా?" అన్నారు ఆయన, కళ్ళు మెరిసిపోతుండగా.

"చూసినా. బండిని ఈడ పెట్టేసి మనం చూలైలో ఉందామా?"

"ఆమాం సార్, అమ్మ చెప్పేది కరెక్టు," అన్నాడు అప్పుడే రొప్పుతూ వచ్చిన తిరువేంగడం.

తిరుగు దారిలో ఆయన పాడలేదు. నాకు కొంచెం పాపం అనిపించింది, కానీ ఉప్పునీళ్ళతో ఎన్నాళ్ళు వండను?

అట్లా పదహారు ఇళ్ళు అయ్యాయి. మే వెళ్ళింది, జూన్ సగమైంది. నాకు నచ్చింది తాడుకి నచ్చలేదు, తాడుకి నచ్చింది నాకు నచ్చలేదు. మామగారు అటక ఊడ్పించి సున్నం కొట్టించడం మొదలుపెట్టారు. ఆ సంగతి తెలిసిన రోజు నేను వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాను.

ఒక గురువారం తిరువేంగడం ఇంటికొచ్చి, కొళత్తూరులో ఇల్లొకటి ఖాళీ అయింది, ఆదివారం దాకా ఆగితే పోతుందన్నాడు. ఆయన మండీలో ఉన్నారు. నేనూ అత్తా బస్సెక్కి వెళ్ళాం. ఇంటాయన కన్నియప్పన్, రైల్వేలో రిటైరైన అరవాయన, తాళాలు తీసి చూపించాడు. రెండు గదులు. వంటింటికి తూర్పు కిటికీ. కిటికీ బయట కరివేపాకు చెట్టు. పెరట్లో గిలకబావి. అత్త బొక్కెనెడు నీళ్ళు తోడి, పుక్కిట పట్టి, కాసేపు ఆలోచించి మింగింది.

"ఈ నీళ్ళల్లో పప్పు ఉడుకుతాది," అంది.

మద్రాసులో అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు లేదు. నాకు అప్పుడే ఆ వంటింట్లో నా డబ్బాలు ఏ వరసలో పెట్టుకోవాలో కూడా తెలిసిపోయింది. అప్పుడు గేటు గుర్తొచ్చింది. ఇంటి పక్కగా పది అడుగుల పొడుగు సందు, దాని మొదట్లో ఇనప గేటు, సందు చివర బండికి సరిపడా నీడ. పైట చెంగుతో సందు కొలిచి ముడేసుకుని ఇంటికి తెచ్చాను. తాడు పక్కన పెట్టి చూస్తే రెండు వేళ్ళు తక్కువ. గేటు దగ్గరైతే హ్యాండిల్ వంచి దూర్చొచ్చు. కానీ ఆ పది అడుగులూ వంచిన హ్యాండిల్‌తో బండి పోదు. ఇంకా రెండు వేళ్ళే! ఇల్లంతా ఉంది, నీళ్ళున్నాయి, చెట్టుంది, ఏడున్నర మైళ్ళే, లెవెల్ క్రాసింగ్ లేదు, రెండు వేళ్ళు లేవు.

ఇప్పుడు దాచేదేముంది, చెప్పేస్తాను. శనివారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు బండి బాక్సులోంచి తాడు తీసి, ఒక పక్క ముడి విప్పి, రెండు వేళ్ళు లోపలికి జరిపి మళ్ళీ వేశాను. నా చేతికి వచ్చిన ముడి ఒక్కటే, పూలు కట్టే ముడి. దాన్నే రెండు చుట్లు తిప్పాను. పక్కపక్కన పెట్టి చూస్తే రెండు ముళ్ళూ కవలల్లా ఉన్నాయని నాకు నేనే మెచ్చుకున్నాను. అంతలో అత్త పక్కకి తిరిగి నడుస్తూ నడవలోకి వచ్చింది.

"పూలు కడ్తాండావా?"

"ఊఁ, అత్తా."

"పూలు యాడ?"

"అయిపోయినాయి."

అత్త తాడు చూసింది, బండి చూసింది, నన్ను చూసింది. "మంచిది," అని పక్కకి తిరిగే వెళ్ళిపోయింది.

ఆదివారం కొళత్తూరులో మా ఆయన గేటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని తాడు సాగదీశారు. ఒక కొస నాకిచ్చి గోడకి ఆనించమన్నారు. ఇటు గోడకి ఇటు ముడి, అటు గోడకి అటు ముడి, కొలిచి కట్టినట్టు సరిపోయింది. కొలిచి కట్టిందే మరి! ఆయన లేవలేదు. తన చేతిలో ఉన్న ముడిని బొటనవేలితో రాస్తూ కూర్చున్నారు. తలెత్తి నన్ను చూశారు. నేను జీవితంలో కరివేపాకు చెట్టు చూడనిదానిలా ఆ చెట్టునే చూస్తున్నాను. పెరట్లో గిలక కిర్రుమంది. ప్రణతి తన బలమంతా పెట్టి బొక్కెన లాగి, నీళ్ళన్నీ ఒంటి మీద పోసుకుని పకపకా నవ్వుతోంది.

ఆయన తాడు చుట్టి జేబులో పెట్టుకున్నారు.

"సరిగ్గా ఉండాది. ఇదే ఇల్లు," అన్నారు.

తిరువేంగడం ఆనందం పట్టలేక తన మోపెడ్‌ని ముద్దు పెట్టుకున్నాడు. అక్కడే తాంబూలాలు మార్చుకున్నాం. పాలు పొంగించడానికి ఆడికి నాలుగు రోజుల ముందు ముహూర్తం.

మిగిలిన మూడు వారాలు నేను బతికిన బతుకు పగవాళ్ళకి కూడా వద్దు. ముహూర్తం నాడు పది మంది ముందు బండి సందులో ఇరుక్కుంటుంది. నా బండారం బయటపడుతుంది. ఆ మొండి మనిషి తాంబూలం వెనక్కిచ్చేస్తారు, ఇక ఆడి, అటక, పీచు దుమ్ము. ఒకరోజు బజారని చెప్పి కొళత్తూరు వెళ్ళి, ఆ గోడ కొంచెం కొట్టించడానికి వీలవుతుందా అని నాకొచ్చిన అరవంలో కన్నియప్పన్‌ని అడిగాను. ఆ గోడ వాళ్ళ నాన్న స్వహస్తాలతో కట్టిందట. పోనీ పైపూత గీకితే? ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, ఎండ ఎక్కువగా ఉంది, మజ్జిగ తాగి వెళ్ళమ్మా అన్నాడు.

ఆ వారంలోనే బండి రెండు రోజులు నడవలో లేదు. చూలైలోనే అమ్మాసి అని మెకానిక్కు ఉన్నాడు, వాడి షెడ్డులో పెట్టానన్నారు. "బ్రేకు బాగలేదు," అన్నారు. నేనున్న కంగారులో బ్రేకు సంగతి ఎవరికి కావాలి? నడవలో రెండు రోజులు నేరుగా నడవగలిగాను, అంతే నాకు తెలిసింది.

ముహూర్తం నాడు అందరం కొళత్తూరు చేరాం. దేవుడి పటం ముందా, బుల్లెట్టు ముందా అని తల్లీకొడుకులకి వాదన జరిగి, పటం, నిండు బిందె, ఉప్పు, పసుపు, తరువాత బుల్లెట్టు అని ఒప్పందమైంది. బండికి చేమంతి దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మామగారు కొబ్బరికాయ పట్టుకుని గేటు పక్కన నిలబడ్డారు. అత్త నా చెవి దగ్గరికి వచ్చి, "ఉండు, నీ పూలముడి బలమెంతో చూస్తాం," అంది. చచ్చాను అనుకున్నాను.

నిమ్మకాయలు చితికిన చప్పుడైంది. నేను కళ్ళు మూసుకున్నాను. గోడకి ఇనుము గీసుకునే చప్పుడు కోసం చెవులు రిక్కించాను. అది రాలేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన నేరుగా, రాజులా బండి నడిపించుకుంటూ సందు మధ్యలో ఉన్నారు. హ్యాండిల్‌కి అటు వేలెడు ఖాళీ, ఇటు వేలెడు ఖాళీ.

"చూసినారా! కొలతంటే మండీ కొలత!" అని మామగారు కొబ్బరికాయ కొట్టారు.

ఎట్లా పట్టింది? నేను వేసిన ముడి నాకు తెలియదా? అందరూ ఇంట్లోకి వెళ్ళాక బండి దగ్గరికి పోయి చేమంతి దండ పక్కకి జరిపి చూశాను. హ్యాండిల్ రెండు కొసలా రబ్బరు పిడులు పొట్టిగా ఉన్నాయి. వాటి చివర రంపం కోసిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఒక్కో పక్క ఒకటిన్నర అంగుళం ఉంటుంది. బండి తుడిచే గుడ్డ కూడా మెత్తనిది వాడే మనిషి ఆయన. చాలా రోజుల తరువాత అమ్మాసి చెప్పాడు, రంపం పెట్టినప్పుడు చూడలేక షెడ్డు బయటికి పోయి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారట.

వంటింట్లో పాల గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఆయన వచ్చి జేబులోంచి తాడు తీసి కిటికీ గూట్లో పెట్టారు.

"చిక్కుడు పాదు పెట్టుకుంటానన్నావు గదా, పందిరికి కట్టుకో. ఒక పక్కది మండీ ముడి. ఇంకో పక్కది యవురేసినారో తెలీదు, కొస బయటికే ఉండాది. గట్టిగానే ఉండాదిలే. విప్పబాక."

సిగ్గుతో చచ్చిపోయాను. అదే నిమిషంలో ఆ మనిషి మీద నాకు పుట్టిన ప్రేమ, పెళ్ళిపీటల మీద కూడా పుట్టలేదు. ఏదో చెప్పబోయాను. పాలు పొంగిపోయి పొయ్యంతా అయ్యాయి. "పొంగినాయి, పొంగినాయి!" అని అత్త లోపలికి పరిగెత్తుకొచ్చింది, నేరుగా.

ఆ తాడు సంగతి మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. బండి ఇప్పటికీ ఉంది. ఆ హ్యాండిల్ ఆయన అరచేతికి చాలదు. నడిపేటప్పుడు చిటికెన వేళ్ళు రెండూ బయట గాల్లోనే ఉంటాయి. వెనక కూర్చుని దారంతా నేను ఆ రెండు వేళ్ళనే చూస్తుంటాను.